నల్లకారు నిగనిగలాడాలంటే... ఏది ముందు, ఏది తర్వాత?

నలుపు, ముదురు నీలం, మెరూన్... షోరూం దీపాల వెలుగులో ఈ రంగుల కార్లు అద్దంలా మెరుస్తుంటే ముచ్చటపడనివారెవరు? తీరా ఇంటికి తెచ్చుకుని ఆరునెలలు తిరిగేసరికి ఆ మెరుపు కాస్తా మాయం! ఎండలో నిలబెట్టి చూస్తే బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు. పక్కింటివాళ్ల తెల్లకారు అంతకంటే రెండేళ్లు పాతదైనా కొత్తపెళ్లికూతురిలా కళకళలాడుతూ ఉంటుంది. "నల్లరంగు మనకి అచ్చిరాలేదు" అని సరిపెట్టుకుంటాం.

రంగు తప్పేమీ లేదండీ. ఆ తెల్లకారుకీ అన్ని గీతలూ ఉంటాయి. గీతమీద పడిన వెలుగు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. తెలుపుమీద అది కలిసిపోతుంది. నలుపుమీదైతే నల్లచీరకంటిన సున్నంలా బయటపడుతుంది. దీపం చుట్టూ వలయాల్లా కనిపిస్తాయి గానీ, నిజానికి ఆ గీతలు అన్ని దిక్కులకూ ఉంటాయి. వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కనుక మన కంటికి గుండ్రంగా అనిపిస్తాయి. బాగా వాడిన స్టీలు పళ్లేన్ని లైటు కింద పెట్టి చూడండి, అదే తమాషా!

అందుకే ముదురు రంగు కారుకి వాక్స్ వెయ్యాలని ఒకరు, సీలెంట్ వెయ్యాలని ఒకరు, రెండూ పొరలు పొరలుగా పెట్టాలని ఇంకొకరు సలహాలిస్తుంటారు. ఎవరి మాట వినాలో తెలియాలంటే, ముందు ఆ రంగు కింద ఏముందో తెలుసుకోవాలి.

వెంట్రుక మందం లేని పొర

ఇప్పటి కార్లకు రేకుమీద తుప్పు పట్టకుండా ఒక పూత, దానిమీద ప్రైమర్, ఆపైన రంగు ఉంటాయి. అన్నిటికీ పైన రంగులేని పారదర్శకమైన పొర ఉంటుంది. దీన్నే క్లియర్ కోట్ అంటారు. మనం మురిసిపోయే మెరుపంతా దీనిదే. ఈ పూతలన్నీ కలిపినా మిల్లీమీటరులో పదోవంతు, కాస్త అటూ ఇటూ. అందులో క్లియర్ కోట్ వాటా సుమారు 40 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే వెంట్రుకపాటి మందం కూడా లేదన్నమాట.

గీతలు పడ్డాయని గ్యారేజీలో మిషన్ పెట్టి పాలిష్ కొట్టిస్తాం కదా. "గీతలు పోయాయి మేడం" అంటాడు కుర్రాడు. గీత ఎక్కడికి పోయింది? దాని లోతు వరకూ చుట్టుపక్కల పొరని అరగదీశాడు, అంతే. ఒక్కోసారి ఒకటి రెండు మైక్రాన్లు, రబ్బింగ్ కాంపౌండ్ గట్టిగా పట్టిస్తే అంతకంటే ఎక్కువే పోతుంది. పోయింది మళ్లీ రాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలున్నదీ ఆ పొరలోనే. అది పల్చబడితే కొన్నేళ్లకి టాప్ మీద, బానెట్ మీద తెల్లగా పొట్టు రేగినట్టు ఊడిపోతుంది. అప్పుడిక ఏ సీసా పనిచెయ్యదు, మళ్లీ పెయింట్ వేయించుకోవడమే. అంచేత మనం కాపాడుకోవాల్సింది మెరుపుకంటే ముందు ఆ పొరని.

మూడు సీసాలు, మూడు పనులు

మన వాడుకలో అన్నిటికీ "పాలిష్" అనేస్తాం. షాపులో అడిగేటప్పుడు మాత్రం తేడా తెలిసుండాలి. పాలిష్‌లో రాపిడి పొడి ఉంటుంది, అది ఉన్నదాన్ని అరగదీస్తుంది. వాక్స్, సీలెంట్ మాత్రం పైన ఒక పొర పెడతాయి. కాబట్టి పాలిష్ ఎప్పుడో ఒకసారి, మిగతా రెండూ అవసరాన్నిబట్టి.

వాక్స్ అంటే మైనమే. మంచి కార్ వాక్స్‌లలో వాడేది కార్నోబా మైనం. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకులనుంచి తీస్తారు. అక్కడి మండుటెండలకు ఆకులో తేమ ఆరిపోకుండా ఆ చెట్టు తనకు తానే పూసుకునే మైనమది. ఆకుల్ని కోసి ఎండబెట్టి దులిపితే పొడిలా రాలుతుంది. మనకి కొత్తదేం కాదు. లిప్‌స్టిక్కుల్లోనూ, రంగురంగుల చాక్లెట్ బిళ్లల పైమెరుపులోనూ ఉండేది ఇదే. 80 డిగ్రీల సెల్సియస్ దాటితేగానీ కరగదు. ముదురు రంగుమీద దీని మెరుపు తడిసినట్టు, లోతుగా ఉంటుంది. కాకపోతే మన ఎండలకీ వానలకీ నెల, మహా అయితే రెండు నెలలు నిలుస్తుంది.

సీలెంట్ ఫ్యాక్టరీలో తయారైన పాలిమర్. క్లియర్ కోట్‌ని గట్టిగా పట్టుకుంటుంది. నాలుగు నుంచి ఆరు నెలలు ఆగుతుంది. మెరుపు గాజులా తేటగా ఉంటుంది గానీ మైనం ఇచ్చే ఆ లోతు కొందరికి ఇందులో కనబడదు. అందుకే రెండూ కావాలనిపిస్తుంది.

సీలెంట్ ముందు, వాక్స్ తర్వాత

నూనె చేతులతో గోళ్లకి రంగు వేసుకుంటే నిలుస్తుందా? పెచ్చులుగా లేచిపోతుంది. ఇదీ అంతే. వాక్స్ జిడ్డుమీద సీలెంట్ రాస్తే అది క్లియర్ కోట్‌ని పట్టుకోలేదు. కాబట్టి శుభ్రమైన ఒంటిమీద మొదట సీలెంట్. అది ఆరి గట్టిపడేదాకా ఆగాలి. కొన్నిటికి గంట చాలు, కొన్నిటికి ఒక రోజంతా కావాలి. డబ్బామీద రాసి ఉంటుంది, చదవండి. ఆ సమయంలో వాన, మంచు తగలని చోట ఉంచితే మంచిది. తర్వాత వాక్స్. నెలా రెండు నెలలకి పైనున్న వాక్స్ అరిగితే మళ్లీ రాసుకోవచ్చు. కింద సీలెంట్ తన పని తాను చేస్తూనే ఉంటుంది.

ఒక జాగ్రత్త. "క్లీనర్ వాక్స్" అని రాసినవి సీలెంట్ మీద వాడకండి. వాటిలో మురికి తీసే రాపిడి పొడి ఉంటుంది. నిన్న పెట్టిన పొరని ఇవాళ తుడిచేస్తుంది!

మరి ఎన్ని పొరలు వెయ్యాలంటారా? సీలెంట్ రెండు పల్చటి పొరలు. రెండోది మందం కోసం కాదు, మొదటిసారి చెయ్యి తగలని చోట్లకోసం. వాక్స్ ఒకటి, మనసూరుకోకపోతే రెండు. ఆపైన ఎన్ని రాసినా అట్టుమీద అట్టు పేర్చినట్టు పెరగదు. కొత్త పొరలోని ద్రావకం పాతదాన్ని కరిగిస్తుంది, మిగిలింది మన గుడ్డకే అంటుతుంది.

రాసేటప్పుడు కూడా పల్చగానే రాయాలి. ఎక్కువ రాస్తే నల్లకారుమీద చారలు చారలుగా మిగిలిపోతుంది. నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు ఒక్కో భాగం చొప్పున రాయండి. పల్చటి పొగలా ఆరాక వేలితో గీసి చూడండి. వేలు పోయిన మేర నలుపు తేటగా కనబడితే తుడవొచ్చు, జిడ్డుగా అలికితే ఇంకాసేపు ఆగాలి. నల్లటి ప్లాస్టిక్ అంచులకు మాత్రం అంటనివ్వకండి, తెల్లమరకలు ఓ పట్టాన వదలవు.

పొడిగుడ్డే అసలు శత్రువు

ఇంతా చేసి పొద్దున్నే వచ్చిన అబ్బాయి పొడిగుడ్డతో కారంతా బరబరా తుడిచేస్తే? రాత్రి పేరుకున్న దుమ్ములో ఇసుక రేణువులుంటాయి. ఆ గుడ్డ గరుకు కాగితంలా పనిచేస్తుంది. వాక్స్ పొరకి దీన్ని ఆపే శక్తి లేదు. మనం చూసే సాలెగూడు గీతల్లో ఎక్కువభాగం ఇలా పడ్డవే. ఆ అబ్బాయిని అని లాభం లేదు. అరబకెట్ నీళ్లతో పది కార్లు తుడవాల్సినవాడు వాడు. "రోజూ తుడవొద్దు బాబూ, వారానికోసారి కడుగు, అదే జీతం ఇస్తాను" అని చెప్పి చూడండి. మీ కారుకీ మేలు, వాడికీ సుఖం.

కడగడానికి రెండు బకెట్లు కావాలి. ఒకదాంట్లో కార్ షాంపూ నీళ్లు, రెండోదాంట్లో గుడ్డ జాడించుకునే మంచినీళ్లు. ముందు కారంతా నీళ్లు గుమ్మరించి ఇసుక జారిపోనివ్వాలి. ఆ తర్వాతే గుడ్డ పట్టాలి. పైనుంచి కిందికి రావాలి. చక్రాల దగ్గర వాడిన గుడ్డ మళ్లీ బానెట్ ఎక్కకూడదు. గిన్నెలు తోమే లిక్విడ్, బట్టల సబ్బుపొడి వద్దు, వాక్స్ జిడ్డును అవి లాగేస్తాయి. మెరుస్తుందని కిరోసిన్, డీజిల్ పూయించేవారూ ఉన్నారు. అవి కూడా మైనాన్ని కరిగించేవే.

బోరునీళ్లయితే కడిగిన వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది ఆరబెట్టాలి. స్టీలు పంపుల మీద తెల్లగా పేరుకునే సున్నపు మరకలే నల్లకారుమీద చుక్కలుగా తేలతాయి. ఎండకి కాలిన రేకుమీద అవి మరీ మొండికేస్తాయి. పక్షిరెట్టలూ అంతే. ఎండేదాకా ఉంచితే పొరని తినేస్తాయి. అలాగని గోకకూడదు, తడిగుడ్డ పరిచి కాసేపు నాననిచ్చి మెల్లగా ఎత్తెయ్యాలి. వాక్స్, సీలెంట్ చేసే మేలు ఇక్కడే తెలుస్తుంది. రెట్ట నేరుగా క్లియర్ కోట్‌కి తగలకుండా మీకు కొంత వ్యవధినిస్తాయి.

కడిగాక కూడా పైన గరుకుందేమో చూడాలంటే చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని రేకుమీద నిమరండి. సన్నటి ఇసుకలా తగిలితే సీలెంట్‌కి ముందు క్లే బార్ అనే మెత్తటి ముద్దతో, బాగా తడి ఉంచి, ఆ గరుకు తీయాలి. ముదురు రంగుమీద అదీ సన్నగీతలు పెట్టొచ్చు కనుక అవసరమైతేనే, ఏడాదికి ఒకటి రెండుసార్లే.

దసరాకి పసుపూ కుంకుమా మానలేం కదా! బొట్లు నేరుగా రేకుమీద కాకుండా అద్దానికో నంబరు ప్లేటుకో పెట్టండి. మర్నాడు పొడిగా దులపకుండా నీళ్లతో జారవిడవండి. కొబ్బరినీళ్లు చిందితే అప్పుడే కడిగెయ్యండి.

ప్యాకేజీ ఒప్పుకునేముందు

కొత్తకారు కొన్నప్పుడు వేలకు వేలు పెట్టి "సెరామిక్ కోటింగ్" చేయించుకోమంటారు. మనం ఏదైనా అడిగితే "సార్‌ని రమ్మనండి మేడం, ఆయనకి చెబుతాం" అనే సేల్స్‌మన్ ఇప్పటికీ ఎదురవుతాడు. సార్‌దాకా ఎందుకు? మూడు ప్రశ్నలు మీరే అడగండి. కోటింగ్‌కి ముందు పాలిష్ కొడతారా, కొడితే పొర మందం మీటరుతో కొలిచి చూపిస్తారా? తర్వాత కడిగే పద్ధతి ఏమిటి? ఏయే నష్టాలకి ఇది పనిచెయ్యదో కాగితంమీద రాసిస్తారా?

సెరామిక్ పూత మైనంకంటే గట్టిది, ఎక్కువకాలం నిలిచేది, నిజమే. కానీ రాయి తగిలినా, తాళంచెవి గీసినా అదీ ఆపలేదు. పొడిగుడ్డతో దుమ్ము రుద్దితే దానిమీదా గీతలు పడతాయి. అది చేయించినవారు పైన వాక్స్ రాయక్కర్లేదు. రాస్తే నీళ్లు జారిపోయే దాని గుణం మైనం కింద మరుగున పడుతుంది. ఓపికున్నవారికి ఒక డబ్బా సీలెంట్, ఒక డబ్బా వాక్స్, అరడజను మైక్రోఫైబర్ గుడ్డలు చాలు. ఆ గుడ్డల్ని విడిగా ఉతకండి, బట్టల్ని మెత్తబరిచే ద్రవాలు వెయ్యకండి.

మళ్లీ ఎప్పుడు రాయాలో కారే చెబుతుంది. కడిగిన కారుమీద నీటిచుక్కలు ముత్యాల్లా నిలిచి జారుతుంటే పొర ఉన్నట్టే. నీళ్లు పల్చగా పరుచుకుని కదలకపోతే డబ్బా తీయాల్సిన వేళయింది.