‘తులసిదళం’ నవల – ఒక పాఠకుని పరిశీలన

తెలుగు నవలకు విస్తృతమైన పాఠకలోకాన్ని సంపాదించి పెట్టిన రచయితలలో శ్రీ యండమూరి వీరేంద్రనాథ్ గారిది విశిష్టస్థానం. వారి రచనలలో మిక్కిలి పేరు పొందినదీ, మిక్కిలి వివాదానికి గురియైనదీ ‘తులసిదళం’. 1980వ దశకం తొలినాళ్ళలో ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో ధారావాహికంగా వెలువడిన ఈ నవల, 1985లో కన్నడంలో చలనచిత్రంగా కూడ రూపొందింది. దీనికి కొనసాగింపుగా రచయిత ‘తులసి’ అనే మరొక నవల వ్రాశారు. ఈ రచయితను అభిమానించే పాఠకునిగా, ఈ నవలలోని ఉత్కంఠ ఏ విధంగా నిర్మితమైనదో, అది పాఠకుని మనస్సులో ఏమి మిగిల్చి పోతుందో పరిశీలించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

కథాంశం క్లుప్తంగా ఇది. శ్రీధర్, శారద దంపతుల ముద్దుబిడ్డ తులసి. ఆ పసిపాప పేర ఒక పెద్ద ఆస్తి వ్రాయబడి ఉంది. నిర్ణీతమైన వయస్సు వచ్చేవరకు ఆమె జీవించి ఉంటేనే అది ఆమెకు దక్కుతుంది. ఆ ధనంపై కన్ను వేసినవారు ఆమెపై ‘కాష్మోరా’ అనే క్షుద్రశక్తిని ప్రయోగింపజేస్తారు. బిడ్డ నానాటికీ క్షీణిస్తూ ఉంటుంది. ఒకవైపు వైద్యశాస్త్రం, మనస్తత్వశాస్త్రం. మరొకవైపు మంత్రశాస్త్రం తెలిసినవారు. ఉభయపక్షాలూ ఏకకాలంలో ఆమెను కాపాడడానికి పూనుకుంటాయి. తులసి బ్రతుకుతుంది. కాని ఏ ప్రయత్నం వలన బ్రతికిందో తేల్చుకొనే భారం పాఠకునికే వదలివేయబడుతుంది.

ఉత్కంఠ వేరు, ఆశ్చర్యం వేరు. సుప్రసిద్ధ చలనచిత్ర దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ఈ భేదాన్ని ఒక ఉదాహరణతో వివరించేవాడు. బల్లక్రింద దాచిన బాంబు హఠాత్తుగా ప్రేలితే ప్రేక్షకునికి కలిగేది క్షణకాలపు ఆశ్చర్యం. బాంబు ఉన్నదని ప్రేక్షకునికి ముందే తెలిసి, బల్ల దగ్గర కూర్చున్నవారికి తెలియకపోతే కలిగేది ఉత్కంఠ. యండమూరి వారు ఈ రెండవ మార్గాన్ని అనుసరించారు. తల్లిదండ్రులకు తెలియని కుట్ర పాఠకునికి తెలుసు. ఇక భయం దయ్యం వలన కాదు, గడచిపోతున్న కాలం వలన కలుగుతుంది. వారానికొక భాగంగా వెలువడే ధారావాహికకు ఇంతకంటె అనువైన నిర్మాణం మరొకటి ఉండదు.

అయితే ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. పాఠకునిలో భయాన్ని రేకెత్తించిన రచయిత దానికి చివర సమాధానం చెప్పవలసి ఉన్నదా? ఈ విషయంలో ప్రపంచ సాహిత్యంలో మూడు మార్గాలు కనిపిస్తాయి.

మొదటిది, మర్మాన్ని విప్పి హేతువును చూపే మార్గం. కోనన్ డాయిల్ 1901–02లో ప్రచురించిన ‘హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’లో శాపగ్రస్తమైన వేటకుక్కగా అందరినీ హడలెత్తించినది, చివరకు భాస్వరం పూసిన మామూలు కుక్కయే. మన కళాశాలలోని ఉర్దూ విద్యార్థులకు చిరపరిచితుడైన ఇబ్నె సఫీ కూడ ఈ మార్గం వాడే. 1955లో వెలువడిన ఇమ్రాన్ నవలలలో మొదటిదైన ‘ఖౌఫ్‌నాక్ ఇమారత్’లో, జనులు భయపడే భవనం వెనుక ఉన్నది మానవుల నేరమే. రెండవది, అతీంద్రియ శక్తిని సత్యంగానే అంగీకరించే మార్గం. విలియం పీటర్ బ్లాటీ 1971లో వ్రాసిన ‘ది ఎక్సార్సిస్ట్’లో వైద్యులు విఫలురైన తరువాత మతాచార్యులు వచ్చి బాలికను రక్షిస్తారు. మూడవది, రెంటి మధ్య పాఠకుని ఊగిసలాడించే మార్గం. ఈ సందేహస్థితియే అద్భుత సాహిత్యానికి ప్రాణమని త్స్వెతాన్ తొదొరొవ్ అనే విమర్శకుడు 1970లో ప్రతిపాదించాడు. ‘తులసిదళం’ ఈ మూడవ కోవకు చెందినది.

కళాదృష్టితో చూస్తే ఇది దోషం కాదు. కాని ఒక రచన ఏ సమాజంలో చదువబడుతున్నదో ఆ సమాజాన్ని విస్మరించి విలువ కట్టడం సాధ్యమా? శ్రీమతి రంగనాయకమ్మ గారు ఈ నవల మూఢవిశ్వాసాలను పోషిస్తున్నదని తీవ్రంగా విమర్శిస్తూ ఒక పుస్తకమే వ్రాశారు. ఆ విమర్శను మనం తేలికగా త్రోసిపుచ్చజాలము. ఏలయనగా మన ఉమ్మడి మెదక్ జిల్లా గ్రామాలకు బాణామతి, చేతబడి అన్న మాటలు కేవలం కథలలోనివి కావు. ఆ అనుమానంతో మనుషులను కొట్టిన, చంపిన దారుణాలు ఈ జిల్లా చూచింది. పటాన్‌చెరువు కర్మాగారంలో యంత్రం ఆగిపోతే లోపం ఏ భాగంలో ఉన్నదో వెదకుతాము. అదే మన ఇంట బిడ్డ జబ్బుపడి తగ్గకపోతే, పొరుగింటి వృద్ధురాలి వైపు వేలెత్తి చూపేవారు ఇంకను ఉన్నారు. అటువంటి చోట ‘రెండూ నిజం కావచ్చును’ అనే ముగింపు ఒక నిర్దోషి ప్రాణానికి ముప్పు తేవచ్చును.

అట్లని ఈ నవలను చదువరాదని నా అభిప్రాయం కాదు. నిశితంగా చదివితే దీనిలోనే విరుగుడు కూడ దొరుకుతుంది. తులసికి శత్రువు ఎవరు? కాష్మోరా తనంతట తాను రాలేదు. డబ్బు ఆశించినవారు దానిని రప్పించారు. క్షుద్రశక్తి నిజమో కాదో రచయిత తేల్చలేదు గాని, దాని వెనుక ఉన్న ధనాశను మాత్రం నిస్సందేహంగా చూపించారు. చేతబడి మాట వినిపించిన ప్రతిచోటా ‘దీనివలన ఎవరికి లాభం? భూమి తగాదా ఉన్నదా? పాత పగ ఉన్నదా?’ అని విచారించే బుద్ధిని ఈ కథ మనకు నేర్పగలదు.

1976లో జరిగిన 42వ రాజ్యాంగ సవరణ, శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకొనుట ప్రతి పౌరుని ప్రాథమిక విధిగా పేర్కొన్నది. సంగారెడ్డిలోనైనా, ఇస్మాయిల్‌ఖాన్‌పేటలోనైనా, ఇంటిలో మొదటిసారి కళాశాల మెట్లెక్కిన విద్యార్థికి ఈ విధి మరింత బరువైనది. జబ్బు చేసినప్పుడు ఆ ఇంటివారు ముందుగా అడిగేది అతని మాటనే. రచయిత తేల్చక వదలిన ప్రశ్నకు అక్కడ మనమే బదులు చెప్పాలి. నవలలోని ఉత్కంఠను ఆనందంగా అనుభవిద్దాం. పుస్తకం మూసిన తరువాత మాత్రం బిడ్డను వైద్యుని వద్దకే తీసుకొని వెళ్ళుదాం.