రెక్కాడాలంటే భుజం బాగుండాలి



రెక్కాడితేగాని డొక్కాడదు అంటారు మన పెద్దలు. కాకినాడలో ఈ మాట అక్షరాలా నిజం. ఓడరేవులో బియ్యం బస్తాలు మోసే హమాలీలు, ఉప్పాడ తీరంలో వల లాగే మత్స్యకారులు, మగ్గం మీద చీర నేసేవారు, కోనసీమలో కొబ్బరి దింపు తీసేవారు, ఇంట్లో నీళ్ళు మోసి బట్టలు ఉతికే తల్లులు, వీరందరికీ అన్నం పెట్టేది భుజమే. అయినా నొప్పి మొదలైన నెలల తర్వాతే చాలామంది మా దగ్గరకు వస్తారు. "అదే తగ్గిపోతుందనుకున్నామండీ" అంటారు.

సంఘానికి క్రమంగా వచ్చే ఒక అమ్మగారి సంగతే తీసుకుందాం. ఆమెకు యాభై దాటాయి. ఆరాధనలో అందరూ రెండు చేతులూ ఎత్తి స్తుతిస్తుంటే ఆమెకు కుడిచెయ్యి ఒక్కటే లేచేది. జడ కోడలు వేసేది, జాకెట్టు కూతురు తొడిగేది. వయసు మీద పడిందనుకుని ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి వచ్చినప్పుడు రక్తపరీక్ష చేస్తే షుగరు ఉందని తేలింది. అది కూడా ఆమెకు తెలియదు. ఇటువంటి ఆలస్యం మరొకరికి జరగకూడదనే ఈ నెల భుజం గురించి రాస్తున్నాము.

భుజం నిర్మాణం

భుజంలో మూడు ఎముకలు కలుస్తాయి. ముందు కాలరు ఎముక, వెనుక రెక్క ఎముక, కింద జబ్బ ఎముక. జబ్బ ఎముక పైభాగం బంతిలా గుండ్రంగా ఉంటుంది. రెక్క ఎముకకు చిన్న గిన్నె వంటి పల్లం ఉంటుంది. బడిలో పిల్లలు చదివే బంతిగిన్నె కీలు ఇదే. తుంటి కీలులో గిన్నె లోతుగా ఉండి బంతిని గట్టిగా పట్టుకుంటుంది. భుజంలో గిన్నె సాసరులా పల్చగా ఉంటుంది. బంతిలో మూడోవంతుకు మించి దానిలో ఆనదు. అందుకే చెయ్యి ముందుకు, వెనక్కు, పైకి, గుండ్రంగా తిరగగలదు. అందుకే ఈ కీలు సులువుగా జారుతుంది కూడా.

బంతిని గిన్నెలో నిలిపేవి ముఖ్యంగా నాలుగు కండరాలు. వీటిని రొటేటర్ కఫ్ అంటారు. వీటి తాళ్ళు బంతి చుట్టూ అతుక్కుని ఉంటాయి. ఆ లోపల కీలును కప్పుతూ పల్చటి సంచి ఉంటుంది. భుజానికి వచ్చే బాధలు చాలావరకు ఈ ఎముకలు, తాళ్ళు, సంచిలోనే వస్తాయి.

గూడ జారినప్పుడు

పడవలో కాలుజారి పడినప్పుడు, కబడ్డీలో చెయ్యి లాగినప్పుడు, మోటారు సైకిలు మీద నుంచి పడినప్పుడు బంతి గిన్నెలోంచి బయటకు వస్తుంది. 100 మందిలో 90 మందికి పైగా అది ముందువైపుకే జారుతుంది. భుజం గుండ్రతనం పోయి పలకలా కనిపిస్తుంది. చెయ్యి కదపలేరు.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. పక్కనున్నవారు జాలితోనే చెయ్యి పట్టుకుని గట్టిగా లాగుతారు. లేదా నాటుకట్టుకు తీసుకువెళతారు. ఎముక కూడా విరిగి ఉందేమో బయటికి తెలియదు. చంక దగ్గరగా వెళ్ళే నరం, రక్తనాళం లాగడం వల్ల దెబ్బతినవచ్చు. దయచేసి లాగకండి. తువ్వాలుతో చేతిని మెడకు జోలెలా కట్టి, ఉన్న స్థితిలోనే ఆసుపత్రికి తీసుకురండి. ఎక్స్‌రే తీసి, నొప్పి తెలియకుండా మందిచ్చి డాక్టరుగారు నెమ్మదిగా సరిచేస్తారు. కుర్రవారికి ఒకసారి జారితే మళ్ళీ జారే అవకాశం ఎక్కువ. అందుకని ఆ తర్వాత చెప్పిన వ్యాయామాలు మానకూడదు.

కాలరు ఎముక విరిగితే

చెయ్యి ఊతంగా పెట్టి పడినా, భుజం మీద పడినా ఈ ఎముక విరగవచ్చు. చాలావరకు ఆపరేషన్ లేకుండా జోలెతోనే అతుక్కుంటుంది. ఎముక చర్మాన్ని పొడుచుకు వస్తున్నా, చేతివేళ్ళు తిమ్మిరెక్కినా వెంటనే రావాలి.

తాడు చిరిగితే, కీలు పట్టేస్తే

ఈ రెండింటిలోనూ చెయ్యి లేవదు. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేరు. కాని ఇవి రెండూ ఒకటి కావు. మీ చెయ్యి మీకు లేవకపోయినా వేరొకరు నెమ్మదిగా ఎత్తితే లేస్తుందా? అలాగైతే రొటేటర్ కఫ్ తాడు చిరిగి ఉండవచ్చు. నలభై దాటినవారిలో, ఏళ్ళ తరబడి బరువులు ఎత్తినవారిలో ఇది ఎక్కువ. వేరొకరు ఎత్తినా లేవకపోతే అది కీలు పట్టేయడం కావచ్చు. దీన్నే ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. ఏదైనా డాక్టరుగారు చూసే నిర్ధారించాలి.

కీలు పట్టేయడం 40 నుంచి 60 ఏళ్ళ మధ్య, ఆడవారిలో ఎక్కువగా చూస్తాము. షుగరు, థైరాయిడ్ ఉన్నవారికి మరీ ఎక్కువ. కీలు సంచి వాచి, దళసరెక్కి, ముడుచుకుపోతుంది. మొదట నొప్పి, తర్వాత బిగుసుకోవడం, ఆ తర్వాత నెమ్మదిగా వదలడం, ఇలా మొత్తం ఒకటి నుంచి మూడేళ్ళు పట్టవచ్చు. నొప్పి భయంతో చేతిని పూర్తిగా కదపకుండా ఉంచితే బిగుసుకోవడం పెరుగుతుంది. మందులు, వ్యాయామం, అవసరమైతే కీలులో ఇంజెక్షన్ ఇస్తారు. ఆ ఇంజెక్షన్ వల్ల కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది. కాబట్టి మీకు షుగరు ఉంటే ముందే చెప్పండి.

పట్టేసిన భుజానికి ఇంట్లో వ్యాయామం

డాక్టరుగారు చూసిన తర్వాతే ఇవి మొదలుపెట్టండి. కొత్తగా తగిలిన దెబ్బకు ఇవి పనికిరావు.

1. బల్లకు మంచి చెయ్యి ఆనించి కాస్త ముందుకు వంగండి. బాధ ఉన్న చేతిని గడియారం లోలకంలా వదులుగా ఊపండి.

2. గోడ ఎదుట నిలబడి వేళ్ళతో గోడ మీద పైకి పాకండి. ఎక్కడిదాకా వెళ్ళిందో సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి.

ఒక్కొక్కటి పదిసార్లు, రోజుకు రెండుమూడు పూటలు చేయండి. ముందుగా వేడి కాపడం పెట్టుకోవచ్చు. షుగరు ఉన్నవారికి స్పర్శ తక్కువగా ఉండి చర్మం కాలే ప్రమాదం ఉంది. వేడిని మరొకరిచేత చూపించుకోండి.

భుజంలో తెలిసినా భుజానిది కాని నొప్పి

ఎడమ భుజం, చెయ్యి, దవడ లాగుతూ ఛాతీ బరువెక్కి చెమటలు పడితే అది గుండెపోటు కావచ్చు. మాలిష్ చేస్తూ సమయం పోగొట్టకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. మెడ ఎముకల బాధ, పిత్తాశయంలో రాళ్ళు కూడా భుజంలో నొప్పిగా తెలియవచ్చు.

బరువు మోసేవారికి ఒక మాట

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో ఒక మగ కార్మికుడు మోసే బరువు 55 కిలోలు మించకూడదని సిఫారసు చేసింది. ఆడవారికి, పిల్లలకు ఇంకా తగ్గాలంది. బస్తా ఎత్తేటప్పుడు మరొకరి సాయం తీసుకోండి. భుజాలు మార్చుకోండి. సాయం అడగడం నామోషీ కాదు.

యుద్ధం జరుగుతుండగా మోషే చేతులు బరువెక్కిన సంగతి నిర్గమకాండము 17వ అధ్యాయంలో చదువుతాము. అంతటి దైవజనుడు కూడా రాయి మీద కూర్చున్నాడు. అహరోను, హూరు ఆయన చేతులను సూర్యుడు అస్తమించేవరకు ఆదుకున్నారు. మీ ఇంట్లో ఎవరి చెయ్యైనా లేవకపోతే మీరూ అలాగే ఆదుకోండి. నెలలు గడవకముందే వారిని వైద్యుని దగ్గరకు తీసుకురండి.

ఆ అమ్మగారికి ఏడాదికి పైగా పట్టింది. షుగరు అదుపులోకి వచ్చింది. రోజూ గోడ మీద సుద్దగుర్తులు కొద్దికొద్దిగా పైకి జరిగాయి. ఇప్పుడు ఆరాధనలో ఆమె రెండు చేతులూ లేస్తున్నాయి. మీ చేతుల కష్టాన్ని కూడా దేవుడు దీవించాలని మా ప్రార్థన.