మన హాస్టల్ పెట్టెకు ఇంటర్నెట్ దారి



గత వార్షికోత్సవానికి వచ్చిన పూర్వ విద్యార్థులు తలా కొంత వేసుకుని మన హాస్టల్‌కు ఒక నిల్వ పెట్టె కొనిచ్చిన సంగతి మీకు తెలిసిందే. ఆఫీసు గదిలో కంప్యూటర్ పక్కన ఉండే నల్ల పెట్టె అదే. దీనిని నెట్‌వర్క్ స్టోరేజి, క్లుప్తంగా 'నాస్' అంటారు. లోపల రెండు డిస్కులు ఉంటాయి. ఒకదానిలో రాసినది రెండవదానిలోనూ రాసుకుంటుంది. ఒకటి చెడినా రెండవది కాపాడుతుంది.

అందులో ఏమున్నాయి? పాత ప్రశ్నపత్రాలు, వార్షికోత్సవ ఫొటోలు, అన్నిటికంటే ముఖ్యంగా మనందరి సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, టీసీ, టెన్త్ మెమో అన్నీ ఉన్నాయి. మన ఇళ్లలో చాలావాటికి బీరువా లేదు. వానకు తడిసిన మెమో పట్టుకుని కౌన్సెలింగ్ రోజున కన్నీళ్లు పెట్టుకున్నవాడు మా బ్యాచ్‌లోనే ఉన్నాడు. కనుక ఈ పెట్టె మనకు బీరువాతో సమానం.

వచ్చిన చిక్కు

మేము ముగ్గురం ఇప్పుడు యూనివర్సిటీలో పీజీ చదువుతున్నాము. ఒక ఆదివారం హాస్టల్‌కు వచ్చినప్పుడు వార్డెన్ గారు, "పెట్టెలో తేదీ తప్పు చూపిస్తోంది, ఒకసారి చూడండి బాబూ" అన్నారు. చూస్తే తేదీ ఒక్కటే కాదు, పెట్టె సాఫ్ట్‌వేర్ కొన్న రోజు ఎలా ఉందో అలాగే ఉంది. కారణం తేలికే. మన హాస్టల్‌కు వైరు ద్వారా వచ్చే ఇంటర్నెట్ లేదు. కంప్యూటర్ వార్డెన్ గారి ఫోన్ హాట్‌స్పాట్‌ను వైఫై ద్వారా పట్టుకుంటుంది. పెట్టెకు వైఫై లేదు, ఒక్క ల్యాన్ రంధ్రమే ఉంది. దానిని కేబుల్‌తో నేరుగా కంప్యూటర్‌కు కలిపారు. ఫైళ్లు తెరుచుకుంటున్నాయి గాని, పెట్టెకు బయటి లోకంతో సంబంధం లేదు.

మరి కంప్యూటర్‌కు వచ్చే ఇంటర్నెట్‌ను పెట్టెకు పంచలేమా? పంచవచ్చు. కొత్త సామాను ఏదీ కొననక్కరలేదు. విండోస్‌లో 'ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్' అనే సదుపాయం 1999లో వచ్చిన విండోస్ 98 సెకండ్ ఎడిషన్ నుండి ఉంది. విండోస్ 10, 11లలో కూడా ఉంది.

అది పనిచేసే తీరు

మన హాస్టల్ గేటును గుర్తు తెచ్చుకోండి. మనలో ఎవరు ఉత్తరం రాసినా పంపినవారి చిరునామా హాస్టల్‌దే. జవాబు కూడా హాస్టల్ చిరునామాకే వస్తుంది. వాచ్‌మన్ అన్న దానిని ఎవరిదో చూసి ఆ గదికి చేరుస్తాడు. పోస్టుమాన్‌కు మన గది నంబర్లతో పని లేదు.

ఇక్కడ కంప్యూటరే ఆ వాచ్‌మన్. పెట్టెకు తన సొంత గది నంబరు ఒకటి ఇస్తుంది. పెట్టె బయటకు ఏదైనా అడిగినప్పుడు, ఆ కోరికపై తన చిరునామా వేసి పంపి, ఎవరు అడిగారో పట్టికలో రాసుకుంటుంది. జవాబు రాగానే పట్టిక చూసి పెట్టెకు అందిస్తుంది. దీనినే నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్, అనగా 'నాట్' అంటారు. 192.168తో మొదలయ్యే నంబర్లు ఇలాంటి లోపలి గదులకు కేటాయించినవి. ఇంటర్నెట్‌లో అవి చెల్లవు.

చేయవలసిన పద్ధతి

1. ముందుగా పెట్టె సెట్టింగుల పేజీ తెరిచి, నెట్‌వర్క్ చిరునామాను 'ఆటోమేటిక్'కు మార్చాలి. దీనిని డీహెచ్‌సీపీ అంటారు. ఈ మెట్టు మరువరాదు. మేము మరిచి గంటన్నర పోగొట్టుకున్నాము.

2. కంప్యూటర్‌లో కంట్రోల్ ప్యానెల్ నుండి 'నెట్‌వర్క్ కనెక్షన్స్' తెరవాలి. అక్కడ వైఫై, ఈథర్‌నెట్ అని రెండు బొమ్మలు కనిపిస్తాయి.

3. ఇంటర్నెట్ వస్తున్నది వైఫైకి. కనుక వైఫై మీదే కుడి క్లిక్ చేసి 'ప్రాపర్టీస్', తరువాత 'షేరింగ్' నొక్కాలి. కేబుల్ ఉన్నది ఈథర్‌నెట్‌కు కదా అని చాలామంది అక్కడ నొక్కుతారు. పంచేవాడు ఎవరో వాడి దగ్గరే అడగాలి.

4. ఇతరులను ఈ కంప్యూటర్ ద్వారా ఇంటర్నెట్‌కు అనుమతించే మొదటి గడిలో టిక్కు పెట్టి, కింద ఈథర్‌నెట్‌ను ఎంచుకుని 'ఓకే' నొక్కాలి.

5. పెట్టెను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయాలి.

ఇప్పుడు కేబుల్ వైపు కంప్యూటర్ నంబరు 192.168.137.1గా మారుతుంది. పెట్టెకు 192.168.137తో మొదలయ్యే మరో నంబరు దొరుకుతుంది. పెట్టెకు పాత నంబరే పాతుకుపోయి ఉంటే రెండూ వేర్వేరు వీధుల్లో పడి, పెట్టె మాయమైనట్టు కనిపిస్తుంది. మాకు జరిగింది అదే. ఫైళ్లు పోయాయేమోనని గుండె జారింది. నంబరు మార్చగానే అన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. పెట్టెకు 169.254తో మొదలయ్యే నంబరు కనబడితే దానికి ఎవరూ నంబరు ఇవ్వలేదని అర్థం. షేరింగ్ టిక్కు తీసి మళ్లీ పెట్టాలి. కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యాక కూడా ఒక్కోసారి ఇలా చేయవలసి వస్తుంది.

పెట్టె చెప్పిన మాట

దారి దొరికిన కొద్ది నిమిషాలకే పెట్టె గడియారం సరైంది. హెచ్చరికలు వచ్చేందుకు వార్డెన్ గారి మెయిల్ చిరునామా ఇచ్చాము. సాయంత్రం మొదటి మెయిల్ వచ్చింది. రెండు డిస్కులలో ఒకటి చెడిపోయిందని దాని సారాంశం!

లోపలి రికార్డు చూస్తే ఆ హెచ్చరిక ఎప్పుడో నమోదై ఉంది. పెట్టె అప్పుడే బీప్ బీప్ అని మోగిందట. స్టడీ అవర్‌లో ఇబ్బందిగా ఉందని ఎవరో శబ్దం ఆపేశారు. అప్పటి నుండి మనందరి సర్టిఫికెట్లు ఒక్క డిస్కు మీదే నిలబడి ఉన్నాయి. అది కూడా పోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. ఒక అన్న వెంటనే కొత్త డిస్కు పంపారు. మార్చిన రాత్రంతా కూర్చుని పెట్టె మళ్లీ రెండవ కాపీ రాసుకుంది.

ఎవరినీ నిందించడానికి ఇది రాయడం లేదు. హాస్టల్‌లో కొత్తగా చేరిన పిల్లవాడు ఇంటికి ఉత్తరం రాయలేకపోతే, వాడికి జ్వరం వచ్చినా అమ్మకు తెలియదు. పెట్టె పరిస్థితి కూడా అంతే.

జాగ్రత్తలు

కంప్యూటర్ ఆపితే, లేక నిద్రపోతే పెట్టెకు దారి మూసుకుపోతుంది. రోజుకు గంట తెరిచి ఉంచితే హెచ్చరికలు అందడానికి చాలు. ఫోన్ డేటా పరిమితం కనుక పెద్ద అప్‌డేట్లను వార్డెన్ గారిని అడిగి సెలవు రోజున పెట్టుకోవాలి.

కాలేజీ ల్యాబు వంటి చోట్ల, ఇతర యంత్రాలు కలిసి ఉన్న ల్యాన్ వైపు ఈ షేరింగ్ ఇవ్వరాదు. మన కంప్యూటర్ వాటికి కూడా నంబర్లు పంచడం మొదలుపెట్టి అందరి ఇంటర్నెట్‌ను చెడగొట్టగలదు. ఒక్క పెట్టె నేరుగా కలిసి ఉన్నప్పుడే ఇది మంచిది.

బయటి ఊళ్లలో ఉన్న అన్నలు ఫొటోలు చూడాలని అడిగారని పెట్టెను ఇంటర్నెట్‌కు బాహాటంగా తెరవవద్దు. 2022 జనవరిలో 'డెడ్‌బోల్ట్' అనే దాడిలో అలా తెరిచి ఉన్న క్యూనాప్ పెట్టెలలోని ఫైళ్లకు తాళం వేసి బిట్‌కాయిన్లు డిమాండ్ చేశారు. మన పద్ధతిలో పెట్టె అడిగినదానికి జవాబు లోపలికి వస్తుంది గాని, పిలవని వారిని వాచ్‌మన్ గేటు దాటనివ్వడు. ఆ గేటును అలాగే ఉంచుదాం.

చివరగా ఒక మాట. రెండు డిస్కులు ఉన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదు. పొరపాటున ఒక ఫైలు చెరిపితే రెండింటిలోనూ చెరిగిపోతుంది. అందుకని విడిగా ఒక డిస్కులో కాపీ తీసి వార్డెన్ గారి ఇంట్లో ఉంచాము. ప్రతి నెల మొదటి ఆదివారం ఆ కాపీని కొత్తది చేసే పని పదవ తరగతి తమ్ముళ్లు చేపట్టాలని మా మనవి. పెట్టె మళ్లీ బీప్ అంటే శబ్దం ఆపకండి, ముందు అది ఏమి చెబుతోందో చూడండి.