13 రోజుల సంక్షోభం.. 30 ఏళ్లకు బయటపడ్డ నిజం: యుద్ధాల లోగుట్టు పరిశోధకులకు ఎలా తెలుస్తుంది?

సరిహద్దులో ఉద్రిక్తత అనే వార్త రాగానే మన ఫోన్లలో ఏం జరుగుతుందో తెలిసిందే. పది నిమిషాల్లో వాట్సాప్ గ్రూపుల నిండా వీడియోలు, శాటిలైట్ ఫొటోలు, 'లోపలి సమాచారం' అంటూ మెసేజ్‌లు. సాయంత్రానికి టీవీ డిబేట్లలో నిపుణులు. 'వాళ్లు యుద్ధానికి రెడీ అవుతున్నారు' అని ఒకరంటే, 'అదంతా ఉత్త బెదిరింపే' అని ఇంకొకరు అంటారు.

ఇంతకీ ఎవరి మాట నమ్మాలి? దేశాధినేతలు తలుపులు మూసుకుని తీసుకునే నిర్ణయాలు బయటివాళ్లకు ఎలా తెలుస్తాయి?

దీని కోసమే యూనివర్సిటీల్లో ఒక సబ్జెక్టు ఉంది. పేరు భద్రతా అధ్యయనాలు. అక్కడ పరిశోధకులు ఎలా పనిచేస్తారో తెలియాలంటే ఒక్క ఘటన చూస్తే చాలు. అదే 1962 నాటి క్యూబా క్షిపణి సంక్షోభం. దాదాపు అన్ని పరిశోధన పద్ధతులనూ దీని మీద వాడి చూశారు. పద్ధతి మారిన ప్రతిసారీ కథ కూడా కొంచెం మారింది.

అసలేం జరిగింది?

1962 అక్టోబర్ 14న అమెరికా నిఘా విమానం యూ-2 క్యూబా మీదుగా ఎగురుతూ ఫొటోలు తీసింది. అక్కడ సోవియట్ యూనియన్ క్షిపణి స్థావరాలు కడుతున్నట్టు ఆ ఫొటోల్లో కనిపించింది. అమెరికా తీరానికి క్యూబా కూతవేటు దూరం. అక్టోబర్ 16 ఉదయం ఈ విషయం అధ్యక్షుడు జాన్ కెన్నెడీకి చెప్పారు.

అక్కడి నుంచి 13 రోజులు ప్రపంచం ఊపిరి బిగబట్టింది. అక్టోబర్ 22న కెన్నెడీ టీవీలో మాట్లాడి, క్యూబా చుట్టూ నౌకాదళాన్ని మోహరిస్తున్నట్టు ప్రకటించారు. అక్టోబర్ 27న క్యూబా మీద ఒక యూ-2 విమానాన్ని కూల్చేశారు, పైలట్ చనిపోయారు. మరుసటి రోజే సోవియట్ నేత క్రుశ్చేవ్ క్షిపణులు వెనక్కి తీసుకెళ్తామని ప్రకటించారు. యుద్ధం తప్పింది.

మరి ఎలా తప్పింది? అసలు చిక్కు ఇక్కడే మొదలైంది.

మొదటి ఆధారం: దగ్గరుండి చూసినవాళ్ల జ్ఞాపకాలు

అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెన్నెడీ అప్పట్లో అటార్నీ జనరల్. చర్చలన్నింటిలోనూ ఉన్నారు. ఆయన రాసిన 'థర్టీన్ డేస్' పుస్తకం ఆయన హత్య తర్వాత, 1969లో వచ్చింది. అది చదివినవాళ్లకు అర్థమైంది ఒకటే. అమెరికా గట్టిగా నిలబడింది, తెలివిగా వ్యవహరించింది, అవతలివాళ్లు వెనక్కి తగ్గారు.

కానీ తెర వెనుక ఒక ఒప్పందం జరిగింది. టర్కీలో ఉన్న అమెరికా జూపిటర్ క్షిపణులను తీసేస్తామని అక్టోబర్ 27 రాత్రి సోవియట్ రాయబారి డోబ్రినిన్‌కు రాబర్ట్ స్వయంగా చెప్పారు. అది రహస్యంగా ఉండాలన్నది షరతు. రాబర్ట్ డైరీలో ఈ సంగతి ఇంకా స్పష్టంగా ఉంది. పుస్తకంగా ఎడిట్ చేసేటప్పుడు ఆ స్పష్టత తీసేసింది తానేనని కెన్నెడీ సలహాదారు టెడ్ సోరెన్‌సెన్ 1989లో మాస్కోలో జరిగిన సదస్సులో ఒప్పుకున్నారు.

అంటే 20 ఏళ్ల పాటు 'గట్టిగా నిలబడితే చాలు, అవతలివాడు తగ్గుతాడు' అన్న సగం పాఠమే అందరూ చదువుకున్నారు. మిగతా సగం ఇచ్చిపుచ్చుకోవడం. జ్ఞాపకాలతో వచ్చే సమస్య ఇదే. మనిషి అబద్ధం చెప్పకపోయినా, ఏది చెప్పాలో ఏది వదలాలో తానే నిర్ణయిస్తాడు.

రెండో పద్ధతి: ఒకే ఘటనకు మూడు కళ్లద్దాలు

1971లో హార్వర్డ్ ప్రొఫెసర్ గ్రాహమ్ ఆలిసన్ 'ఎసెన్స్ ఆఫ్ డెసిషన్' అనే పుస్తకం రాశారు. 'అమెరికా అనుకుంది', 'రష్యా నిర్ణయించింది' అని దేశాన్ని ఒక మనిషిలా చూసి మాట్లాడటం మనందరికీ అలవాటు. ఆలిసన్ ప్రశ్నించింది ఆ అలవాటునే.

ఆయన మూడు రకాలుగా చూడమన్నారు. ఒకటి, దేశాన్ని లాభనష్టాలు లెక్కేసుకునే ఒక వ్యక్తిగా చూడటం. రెండు, ప్రభుత్వాన్ని ఎవరి రూల్ బుక్ ప్రకారం వాళ్లు నడిచే శాఖల గుంపుగా చూడటం. మూడు, ఆ నిర్ణయాన్ని గదిలో ఉన్న నాయకుల మధ్య జరిగిన బేరసారాల ఫలితంగా చూడటం.

ఒక ఉదాహరణ చూద్దాం. అంత రహస్యంగా క్షిపణులు తెచ్చిన సోవియట్‌లు, క్యూబాలో వాటిని సరిగా దాచలేదు. ఎందుకు? మొదటి కళ్లద్దంతో చూస్తే 'కావాలనే కనబడేలా పెట్టారేమో' అనిపిస్తుంది. రెండో దాంతో చూస్తే జవాబు చాలా సింపుల్. సొంత దేశంలో ఎలా కట్టేవాళ్లో ఇక్కడా అలాగే కట్టారు. అక్కడ దాచాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు కాబట్టి, వాళ్ల పద్ధతిలో ఆ పని లేదు. గవర్నమెంట్ ఆఫీసులో ఫైలు ఎలా కదులుతుందో చూసినవాళ్లకు ఇది పెద్ద ఆశ్చర్యం కాదు!

మూడో ఆధారం: టేపులు

కెన్నెడీ 1962 వేసవిలోనే తన ఆఫీసులో రహస్యంగా రికార్డింగ్ ఏర్పాటు చేయించుకున్నారు. ఆ సంగతి 1973లో బయటకొచ్చింది. 1980ల నుంచి టేపులు దశలవారీగా విడుదలయ్యాయి. 1997లో ఎర్నెస్ట్ మే, ఫిలిప్ జెలికో అనే చరిత్రకారులు వాటిని అక్షరాల్లో పెట్టి పుస్తకంగా తెచ్చారు.

అప్పుడు ఇంకో షాక్. పుస్తకంలో శాంతి వైపు నిలిచినట్టు కనిపించిన రాబర్ట్, టేపుల్లో చాలాసార్లు దూకుడుగా మాట్లాడారు. క్యూబా మీదికి వెళ్లడానికి ఏదైనా సాకు సృష్టించవచ్చా అని మొదటి రోజే అడిగారు.

అలాగని టేపు కూడా పూర్తి నిజం కాదు. రికార్డింగ్ ఆన్‌లో ఉందని గదిలో ఎక్కువ మందికి తెలియదు, కానీ అధ్యక్షుడికి తెలుసు. పైగా డోబ్రినిన్‌తో భేటీ ఆ గదిలో జరగలేదు. ఇక మాస్కోలో ఏం మాట్లాడుకున్నారో అమెరికా టేపులో ఎలా ఉంటుంది?

నాలుగో పద్ధతి: ఇరు పక్షాలనూ ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టడం

ఇది అన్నిటికన్నా ఆసక్తికరం. జేమ్స్ బ్లైట్, జానెట్ లాంగ్ అనే పరిశోధకులు 1987 నుంచి ఒక కొత్త ప్రయోగం చేశారు. నిర్ణయాలు తీసుకున్న నాయకులు, రహస్య ముద్ర తొలగించిన పత్రాలు, చరిత్రకారులు.. మూడూ ఒకే గదిలో. నాయకుడు ఒకటి చెబితే, 'మరి ఈ కాగితంలో ఇంకోలా ఉందే' అని చరిత్రకారుడు అడగొచ్చు. దీన్ని క్రిటికల్ ఓరల్ హిస్టరీ అంటారు.

1992 జనవరిలో ఈ సదస్సు క్యూబా రాజధాని హవానాలో జరిగింది. అమెరికా మాజీ రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా, క్యూబా నేత ఫిడెల్ క్యాస్ట్రో ఇద్దరూ వచ్చారు. అక్కడ సోవియట్ జనరల్ అనటోలీ గ్రిబ్‌కోవ్ ఒక మాట చెప్పారు. 1962 అక్టోబర్‌లో క్యూబాలో యుద్ధరంగంలో వాడే చిన్న అణ్వాయుధాలు కూడా సిద్ధంగా ఉన్నాయని!

మెక్‌నమారా నిర్ఘాంతపోయారు. ఎందుకంటే అప్పట్లో క్యూబా మీద దాడి చేయాలన్నది అమెరికా సైనికాధికారుల గట్టి సలహా. క్యూబాలో అణు వార్‌హెడ్లు ఉన్నాయని వాళ్ల నిఘా సంస్థలు నిర్ధారించలేకపోయాయి. సోవియట్ సైనికులు సుమారు 10 వేల మంది అనుకున్నారు. నిజానికి 40 వేలకు పైగానే ఉన్నారు. దాడి జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. 'చక్కగా మేనేజ్ చేసిన సంక్షోభం' అన్న పేరు ఆ రోజుతో పోయింది. నిజానికి అది అదృష్టం కొద్దీ బయటపడ్డ సంక్షోభం.

కథ ఇక్కడితో అయిపోలేదు. ఆ చిన్న ఆయుధాలు వాడే అధికారం క్యూబాలోని సోవియట్ కమాండర్‌కే ఉండేదని గ్రిబ్‌కోవ్ చెప్పారు. తర్వాత దొరికిన సోవియట్ పత్రాలు వేరే మాట చెప్పాయి. ఆ ఆర్డరు డ్రాఫ్టు వరకే వచ్చింది, సంతకం కాలేదు. మాస్కో అనుమతి లేకుండా వాడొద్దని సంక్షోభ సమయంలో ఆదేశాలు వెళ్లాయి. కాగితాల్లో లేనిది సాక్షి చెప్పాడు, సాక్షి మాటను కాగితం సరిచేసింది. పరిశోధన ముందుకు వెళ్లేది ఇలాగే.

ఐదో పద్ధతి: వాడిన మాటలను చదవడం

కొందరు పరిశోధకులు రహస్య పత్రాల జోలికే వెళ్లరు. అందరూ విన్న ప్రసంగాలనే మళ్లీ చదువుతారు. నౌకా దిగ్బంధానికి ఇంగ్లిష్‌లో 'బ్లాకేడ్' అనే మాట ఉంది. అంతర్జాతీయ చట్టం ప్రకారం అది యుద్ధ చర్య. అందుకే కెన్నెడీ 'క్వారంటైన్' అన్నారు. పని దాదాపు అదే, పేరు వేరు.

అంతెందుకు, ఈ సంక్షోభం పేరే చూడండి. అమెరికాకు ఇది క్యూబా క్షిపణి సంక్షోభం. సోవియట్‌లకు కరీబియన్ సంక్షోభం. క్యూబా ప్రజలకు అక్టోబర్ సంక్షోభం. జూటా వెల్డెస్ అనే పరిశోధకురాలు 1999లో దీని మీదే ఒక పుస్తకం రాశారు. 'ముప్పు' అన్నది కళ్లముందు కనబడే వస్తువు మాత్రమే కాదు, మాటలతో కట్టేది కూడా అన్నది ఈ పద్ధతి చెప్పే విషయం.

ఆరో పద్ధతి: లెక్కలు

ఒక్క సంక్షోభం చూసి ప్రపంచమంతా ఇలాగే ఉంటుందని చెప్పలేం కదా. అందుకే ఇంకొందరు వందలాది యుద్ధాలను డేటాగా మార్చారు. 1963లో డేవిడ్ సింగర్ మిషిగన్ యూనివర్సిటీలో మొదలుపెట్టిన 'కోరిలేట్స్ ఆఫ్ వార్' ప్రాజెక్టు అలాంటిదే. పోరులో కనీసం 1000 మంది సైనికులు చనిపోతేనే వాళ్ల జాబితాలో దేశాల మధ్య యుద్ధం. స్వీడన్‌లోని ఉప్సలా యూనివర్సిటీ మాత్రం ఏడాదిలో 25 మరణాలు దాటితే సాయుధ సంఘర్షణగా, 1000 దాటితే యుద్ధంగా లెక్కేస్తుంది.

'ఈ నంబర్లతో ఏముందిలే' అనుకోవద్దు. అణ్వాయుధాలున్న రెండు దేశాలు నేరుగా యుద్ధం చేసుకోవు అన్నది చాలామంది నమ్మే సిద్ధాంతం. 1999 కార్గిల్ మిషిగన్ జాబితాలో యుద్ధంగానే ఉంది. భారత్ అధికారికంగా చెప్పిన అమరుల సంఖ్య 527. పాకిస్తాన్ వైపు ఎంతమంది చనిపోయారన్నదానిపై రకరకాల అంకెలున్నాయి. ఆ అంకెల్లో చిన్నది తీసుకుంటే మొత్తం 1000 దాటడమే కష్టం. అప్పుడు కార్గిల్ యుద్ధమే కాకుండా పోతుంది, సిద్ధాంతం నిలబడుతుంది. పెద్దది తీసుకుంటే సిద్ధాంతానికి చిల్లు పడుతుంది. సైనికుల ప్రాణాలు పోయిన చోట, గీత ఎక్కడ గీస్తామన్నదే జవాబును మార్చేస్తోంది.

ఇప్పుడు శాటిలైట్ అందరి చేతిలో

1962లో ఆ ఫొటోలు తీయడానికి నిఘా విమానం కావాలి. ఇప్పుడు ప్రైవేటు కంపెనీల దగ్గర శాటిలైట్ చిత్రాలు కొనుక్కోవచ్చు. 2021లో చైనాలోని గన్సు ప్రాంతంలో, యుమెన్ దగ్గర ఎడారిలో, సుమారు 120 క్షిపణి గోతులు కడుతున్నట్టు కనిపెట్టింది సైన్యం కాదు. కాలిఫోర్నియాలోని మిడిల్‌బరీ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు.

అయితే 1962 నాటి పరిమితి ఇప్పటికీ ఉంది. గొయ్యి కనబడుతుంది. అందులో క్షిపణి ఉందా లేదా అన్నది, ఎందుకు తవ్వారన్నది ఫొటో చెప్పదు.

అదే అక్టోబర్‌లో మన దగ్గర..

ఇంకో విషయం గమనించారా? క్యూబా సంక్షోభం నడుస్తుండగానే, 1962 అక్టోబర్ 20న చైనా సైన్యం భారత్ మీద దాడికి దిగింది. ఒకే నెలలో రెండు సంక్షోభాలు.

ఒకదాని మీద టేపులు, పత్రాలు, ఇరు పక్షాల సాక్ష్యాలు అన్నీ బయటికొచ్చాయి. రెండో దాని మీద మన సైన్యం చేయించిన సమీక్ష, 1963లో ఇచ్చిన హెండర్సన్ బ్రూక్స్-భగత్ నివేదిక. దాన్ని ప్రభుత్వం ఇప్పటిదాకా అధికారికంగా బయటపెట్టలేదు. అందులోని విషయాలు ఇప్పటికీ సున్నితమైనవేనన్నది 2010లో పార్లమెంటులో వినిపించిన వాదన. 2014లో జర్నలిస్టు నెవిల్ మ్యాక్స్‌వెల్ అందులో కొంత భాగాన్ని ఆన్‌లైన్‌లో పెట్టారు. యుద్ధ రికార్డులను మామూలుగా 25 ఏళ్లలో బయటపెట్టాలని రక్షణ శాఖ 2021లో ఒక విధానం తెచ్చింది.

పూర్తి పత్రాలు లేనప్పుడు 1962 ఓటమికి కారణం ఎవరన్న చర్చ ఎటు తిరుగుతుంది? జ్ఞాపకాల చుట్టూ, పార్టీల వాదనల చుట్టూ తిరుగుతుంది. అంటే అమెరికావాళ్లు 1969లో ఆగిన చోటే మనం ఇంకా ఉన్నామన్నమాట.

మరి వీడియో చూసేటప్పుడు ఏం అడగాలి?

అందరూ పరిశోధకులు కానక్కర్లేదు. కానీ ఈసారి 'బ్రేకింగ్' అని కనబడినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

ఈ మాట ఎవరు చెప్పారు, చెప్పడం వల్ల వాళ్లకు లాభమేంటి?

ఇది ఒక వైపు మాటేనా, అవతలి వైపు కూడా విన్నారా?

ఫొటోలో నిజంగా కనబడుతున్నదెంత, దాని మీద మనం ఊహిస్తున్నదెంత?

అంకె చెబుతుంటే, దేన్ని లెక్కేశారు, దేన్ని వదిలేశారు?

అంత పెద్ద పదవిలో ఉండి, ఆ గదిలోనే కూర్చున్న మెక్‌నమారాకే అసలు విషయం తెలియడానికి 30 ఏళ్లు పట్టింది. పది నిమిషాల కిందట వచ్చిన ఫార్వర్డ్‌ను షేర్ చేసేముందు ఈ నాలుగు ప్రశ్నలకు ఒక్క నిమిషం కేటాయించొచ్చు కదా.