పది వేల చుట్ల బుల్లోడా... నాలుగు వేల పెద్దాయనా?

మా పిన్ని కొడుకు ఒకడున్నాడు. ఇంట్లో అందరికీ 'చిన్నోడు'. సినిమాల్లో అసిస్టెంట్ డైరెక్టరు. అంటే క్లాప్ కొట్టడం దగ్గర్నుంచి హీరోయిన్ గారి గొడుగు ఎక్కడుందో వెతకడం దాకా అన్నీ తనే! కృష్ణానగర్‌లో నా గదిలోనే మకాం. వయసు ఇరవై మూడు, బరువు యాభై ఎనిమిది కిలోలు. తెల్లవారుజామున నాలుగ్గంటలకి లేచి ఫిల్మ్ సిటీకి పరుగు... అర్ధరాత్రి ప్యాకప్ అయ్యాక తిరుగు పరుగు. ప్రొడక్షన్ వ్యాన్ దొరికితే దొరికినట్టు, లేకపోతే లేనట్టు.

అలాంటి చిన్నోడికి బండి కొనిపెడతానని తెనాలి నుంచి బాబాయ్ ఫోన్ చేశాడు. శుభం! అయితే అందులో ఒక మెలిక ఉంది.

"ఒరే, వాడికి బుల్లెట్ లాంటిది కొందామని నా మాట. వాడేమో ఆ ముందుకి వంగి తోలతారు చూడు, కీచుమని అరుస్తుంది, అది కావాలంటున్నాడు. నువ్వు పత్రికల్లో రాసేవాడివి. నువ్వు చెబితే వింటాడు. కాస్త మంచి మాట చెప్పు" అన్నాడు.

చిన్నోడి మనసు పడ్డది యమహా ఆర్-15 మీద. బాబాయ్ గురి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 మీద. మధ్యలో నేను! నిజం ముందే ఒప్పుకుంటాను. ఫోన్ పెట్టేసేటప్పటికి నేను బాబాయ్ పక్షమే. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇది ఈనాటి తగువు కాదు!

1973లో 'బాబీ' వచ్చినప్పుడు రిషి కపూర్ తోలిన ఆ బుల్లి రాజ్‌దూత్ మీద కుర్రకారు ఎంత మనసు పారేసుకున్నారో మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అడగండి. 1985లో యమహా ఆర్.ఎక్స్.100 దిగింది. 98 సి.సి., పదకొండు హార్స్‌పవర్, వంద కిలోల చిల్లర బరువు. యాక్సిలేటర్ తిప్పితే చాలు, చేతిలోంచి జారిపోయే చేపే! అదే రోజుల్లో బుల్లెట్ 346 సి.సి., పద్దెనిమిది హార్స్‌పవర్. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఆమీటరు ముల్లు చూసుకుని కిక్కు కొట్టాలి. సరిగ్గా కొట్టకపోతే అదే తిరిగి తంతుంది. కాలేజీ గేటు ముందు ఆర్.ఎక్స్., కల్యాణ మండపం ముందు బుల్లెట్ అన్నది ఆనాటి లెక్క.

ఆర్.ఎక్స్.100 తయారీ 1996లో ఆగిపోయింది. అయినా 2018లో ఆ పేరే పెట్టి సినిమా తీస్తే మనవాళ్ళు ఎగబడి చూశారు. దానికి ముందేడాది, 2017లో, అర్జున్ రెడ్డి బుల్లెట్ మీద తిరిగాడు. వెండితెర కూడా తీర్పు చెప్పలేదన్న మాట!

కాగితం మీది గుర్రాలు

చిన్నోడూ నేనూ రెండు షోరూములకీ వెళ్ళి కాగితాలు పట్టుకొచ్చాం. ఆర్-15 ఇంజన్ 155 సి.సి. బలం 18.4 హార్స్‌పవర్. క్లాసిక్ ఇంజన్ 349 సి.సి. బలం 20.2. ఇంజను చూస్తే రెట్టింపు కంటే పెద్దది... బలంలో తేడా రెండు గుర్రాలు కూడా లేదు! పైగా ఆర్-15 బరువు 141 కిలోలు, క్లాసిక్ 195. చిన్నోడు విజయగర్వంతో నా వంక చూశాడు.

కానీ సదరు కాగితంలోనే పక్కన ఇంకో అంకె ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు. ఆర్-15 తన బలమంతా ఇచ్చేది ఇంజను నిమిషానికి 10,000 చుట్లు తిరిగినప్పుడు. క్లాసిక్ 6,100 దగ్గరే ఇచ్చేస్తుంది. ఇక టార్క్, అంటే మెలితిప్పే బలం చూడండి. ఆర్-15కి 14.2 న్యూటన్ మీటర్లు, అదీ 7,500 చుట్ల దగ్గర. క్లాసిక్‌కి 27, అదీ 4,000 దగ్గరే!

లారీలోంచి బియ్యం బస్తాలు దించే ఇద్దరు కూలీల్ని ఊహించుకోండి. ఒకడు నిండు బస్తా భుజాన వేసుకుని నింపాదిగా నడుస్తాడు. రెండోవాడు అరబస్తా చొప్పున మోస్తూ పరుగులు తీస్తాడు. సాయంత్రానికి ఇద్దరూ ఇంచుమించు ఒకే సరుకు దించుతారు. అయితే రెండోవాణ్ణి "కాస్త మెల్లిగా నడువు" అన్నారా, లెక్క తప్పుతుంది. చిన్న ఇంజనుతో చిక్కంతా అక్కడే. బలం ఉంది... పరుగులో ఉంది.

"అంతలా అరిచే ఇంజను ఎన్నాళ్ళుంటుందిరా?" అని బాబాయ్ సందేహం. నాకూ ఉండేది. లెక్క వేసి చూశాను. ఆర్-15 పిస్టన్ ఒక్కో విడత పోయే దూరం 58.7 మిల్లీమీటర్లే. క్లాసిక్‌ది 85.8. ఆ ప్రకారం ఆర్-15 పది వేల దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకి 19.6 మీటర్లు. క్లాసిక్ 6,100 దగ్గర 17.4 మీటర్లు. తేడా ఉంది గానీ చెవికి వినిపించినంత లేదు! పైగా చిన్న ఇంజను చుట్టూ రేడియేటర్ నీళ్ళు తిరిగి చల్లబరుస్తాయి. అరుపు విని భయపడాల్సిన పని లేదు.

అనంతగిరి మలుపుల్లో...

చిన్నోడి స్నేహితుడి ఆర్-15 వారం రోజులు నా చేతికొచ్చింది. ఆదివారం తెల్లారకుండానే బయల్దేరి, చేవెళ్ళ మర్రిచెట్ల దారిన వికారాబాద్ దాటి అనంతగిరి కొండ ఎక్కాను.

అబ్బ! ఏం చెప్పమంటారు? నాలుగు వేల చుట్ల దగ్గర అది ఏమీ ఎరగని అమాయకపు బండి. ఆరు వేలకి ఒళ్ళు విరుచుకుంటుంది. 7,400 దాటగానే గాలి లోపలికి పంపే వాల్వులకి రెండో కామ్ అందుకుంటుంది. వాల్వులు మరింత తెరుచుకుంటాయి, చప్పుడు మారుతుంది... ఇంటర్వెల్ తర్వాత కథ మారినట్టు! మలుపులో బండిని వంచక్కర్లేదు. మనం అటు చూస్తే చాలు, అదే వంగుతుంది. ముప్ఫై అయిదేళ్ళ వాణ్ణి, హెల్మెట్ లోపల ఒక్కణ్ణే పెద్దగా నవ్వుకున్నాను. దిగి చూసుకుంటే మణికట్లు నొప్పి, నడుము నొప్పి. అది బండి తప్పు కాదు, నా వయసుది. ముందుకి వంగి కూర్చునే బండిలో ఒంటి బరువు కొంత చేతుల మీద పడక తప్పదు.

సోమవారం పొద్దున్న అదే బండి మీద ఫిల్మ్ సిటీకి వెళ్ళాను. అవుటర్ రింగు రోడ్డు మీదికి టూ వీలర్లని రానివ్వరు కదా! పంజాగుట్ట, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్... సిగ్నల్ తర్వాత సిగ్నల్. ఆ దారిలో పది వేల చుట్లు ఎక్కడ తిప్పుతారు? మూడో గేరులో ఆ అంకె చూశారంటే మీరు ఊళ్ళో ఉండకూడని వేగంలో ఉన్నట్టే. బస్సుని దాటాలంటే రెండు గేర్లు దించాలి. దించకపోతే బండి బతిమాలుతుంది, దించితే కేక పెడుతుంది.

తర్వాత రెండు రోజులకి క్లాసిక్ అద్దెకి తెచ్చాం. అదే దారి, అవే సిగ్నళ్ళు. రెండో గేరులో వేసి వదిలేస్తే ఏనుగు అంబారీలా పోతుంది. వెనక చిన్నోణ్ణి ఎక్కించుకున్నా దానికి తెలిసినట్టే లేదు. తెలియదు కూడా. ఇద్దరం కలిపి నూట పాతిక కిలోలు అనుకోండి. ఆర్-15కి అది తన బరువుకి రమారమి సమానం. క్లాసిక్‌కి మూడింట రెండు వంతులు. మీరు రోజూ డబుల్స్ వెళ్ళేవారైతే ఇక్కడే చదవడం ఆపి క్లాసిక్ కొనుక్కోండి. ఆర్-15 వెనక సీటు చూశారుగా! ఎత్తు మీద అరచేతి వెడల్పు. మా పిన్ని దాని మీద ఎక్కడం కంటే నడిచి తిరుపతి వెళ్ళడం తేలిక.

దాంతో బాబాయ్ గెలిచేశాడనుకున్నాను. ఆ రాత్రే కథ అడ్డం తిరిగింది.

ఒంటిగంటకి చిన్నోడు క్లాసిక్ మీద ఒక్కడే తిరిగొచ్చాడు. మా సందు ఏటవాలు, పైగా ఇరుకు. నిద్రకళ్ళతో బండి వెనక్కి నెడుతూ కాలు జారాడు. బండి పక్కకి ఒరిగింది. 54 కిలోల తేడా అంటే కాగితం మీద అంకె... సందులో అది ఇంకో చిన్నోడు! లేపలేకపోయాడు. నన్ను పిలవడానికి సిగ్గుపడి, పావుగంట దాని పక్కనే కూర్చున్నాడట. దెబ్బ తగల్లేదు గానీ, కాలు దాని కింద ఉండి ఉంటే?

ఇసుక

ఇప్పుడు నా సంగతి. 2013లో నాకూ చిన్నోడి వయసే. ఎవరిదో 150 సి.సి. బండి తీసుకుని గచ్చిబౌలి వైపు పోతూ, మలుపులో ఇసుక చూసి ముందు బ్రేకు గట్టిగా పట్టేశాను. ముందు చక్రం బిగుసుకుపోయింది. మెడ కింది ఎముక రెండు ముక్కలు. ఆనాటి నుంచి 'కీచుమనే బండి ప్రమాదం, బరువైన బండి క్షేమం' అని నా సిద్ధాంతం. ఎవరడిగినా అదే చెప్పేవాణ్ణి. చిన్నోడికి ఆ రాత్రి మొదటిసారి అసలు కథ చెప్పాను. వాడు విని, "అన్నయ్యా, నువ్వు పడ్డది స్పీడు వల్లా, బ్రేకు వల్లా?" అన్నాడు.

జవాబు నాకు తెలుసు. పన్నెండేళ్ళుగా తెలుసు.

మర్నాడు ఖాళీ రోడ్డు వెతికి, ఆర్-15 మీద కావాలనే బ్రేకు గట్టిగా పట్టాను. లీవరు వేలికింద టకటకా కొట్టుకుంది. బండి నిటారుగా ఆగింది. 125 సి.సి. దాటిన బళ్ళన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఈ ఏ.బి.ఎస్. తప్పనిసరి. నా రోజుల్లో ఆ బండికి లేదు. అయితే వంగి ఉన్న బండి కింద ఇసుక వస్తే ఏ.బి.ఎస్. దేవుడేమీ కాదు. 2021 సెప్టెంబర్ 10 రాత్రి కేబుల్ బ్రిడ్జి దగ్గర సాయి ధరమ్ తేజ్ పడిపోయింది మన రెండిటి కంటే చాలా పెద్ద బండి మీద. తలకి హెల్మెట్ ఉంది. 2023లో 'విరూపాక్ష'లో ఆయన్ని మళ్ళీ తెర మీద చూశాం.

బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఒక్కడే తిరిగేవాడికి, తేలికపాటి మనిషికి, అర్ధరాత్రి సందుల్లో నెట్టుకునేవాడికి చిన్న బండే నయమన్నాను. నాకైతే క్లాసిక్కే, అది వేరే సంగతి అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు.

"పూచీ నీదేనా?" అన్నాడు చివరికి.

"నాదే బాబాయ్."

ఆర్-15 కొన్నాం. 350 సి.సి. వరకు జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నించి 18కి దిగింది కాబట్టి కాస్త మిగిలింది. ఆ డబ్బుతో హెల్మెట్, చేతి తొడుగులు, చీలమండ దాటే బూట్లు కొన్నాం. చిన్నోడు బూట్ల దగ్గర మొహం మాడ్చాడు గానీ కాదనలేదు.

ప్యాకప్ అవగానే వాడు నాకు మెసేజ్ పెట్టాలి. అది ఒప్పందం. పెడతాడు. ఆ తర్వాత గంటా, గంటంపావు నాకు నిద్ర పట్టదు. వ్యాసాలు దిద్దుకుంటూ కూర్చుంటాను. మా సందు మొదట్లో చిల్లరకొట్టు దగ్గర వాడు మూడో గేరు నుంచి రెండుకి దించుతాడు. ఇంజను ఒక్క క్షణం పైకి అరిచి తగ్గుతుంది. ఆ చప్పుడు విన్నాక లేచి తలుపు గడియ తీస్తాను.