వెనుక వరుస యైదుగురు
(అమెరికా కాలేజి ఫుట్‌బాలులో రక్షణయు, ఆటగాండ్ర యెంపికయు)

ఫుట్‌బాలనగానే మన పాఠశాల బాలురకు గుండ్రని బంతియు, దానిని కాలితో తన్నుటయు స్ఫురించును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆ పేరు వేరొక యాటకు చెల్లుచున్నది. అందు బంతి రెండు కొనలు గలిగి కోలగ నుండును. దానిని చేతబట్టి పరుగెత్తుదురు, చేతితోనే విసరుదురు. కాలితో తన్నుట యరుదు. టెక్సాసు రాష్ట్రమున డాలసు, ఫోర్టువర్తు పట్టణముల ప్రాంతమున తెలుగు కుటుంబములు వేలకొలదిగ నున్నవి. అచ్చట చదువుకొనుచున్న మా పూర్వ విద్యార్థి యొకడు సెలవులకు వచ్చి, ఆ యాట చిత్రములను తన ఫోనులో మాకు చూపి, “మాస్టరుగారూ, బంతి యెవని చేతిలో నున్నదో తెలియుచున్నది గాని, తక్కినవారు చేయుచున్న పని యేమో తెలియుట లేదండి” అనెను. మాకును తెలియలేదు. ఆ ప్రశ్నను విడువక కొంత కాలము శ్రమించి గ్రహించినదానిని ఇచ్చట వ్రాయుచున్నాము. అచ్చట క్రొత్త సంవత్సరపు ఆటలు ఆగష్టు మాసాంతమున నారంభమగును గనుక, చూడదలచిన విద్యార్థులకు ఇది యుపకరించవచ్చును.

ఆటస్థలము నూరు గజముల పొడవు. జట్టునకు 11 మంది. బంతి గల జట్టు నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందునకు సాగవలెను. సాగినచో మరల నాలుగు ప్రయత్నములు లభించును. సాగనిచో బంతి యెదుటివారి పాలగును. చివరి గీతను బంతితో దాటినచో 6 పాయింట్లు. అటుపిమ్మట నొక చిన్న యవకాశ మిత్తురు: బంతిని తన్ని కంబముల నడుమ పోనిచ్చినచో 1, మరల గీత దాటించినచో 2. ఈ రెండు పాయింట్ల సంగతి చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. దానితో ముందు పని యున్నది.

ఇక రక్షించువారి మాట. చెడుగుడు ఆడినవారికి ఇది సులభముగ బోధపడును. కూతకు వచ్చినవానిపై నందరు నొక్కసారి పడినచో వాడు సందు చూచుకొని గీత దాటిపోవును. ఒకడు కాలు పట్టవలెను, ఒకడు దారి కట్టవలెను, ఒకడు వెనుక కాచియుండవలెను. ఈ యాటలోను అంతే. ముందు వరుసలోనివారు భారీ దేహులు. ఎదుటివారి గోడను త్రోయుట వీరి పని. రెండవ వరుసవారిని లైన్‌బాకరు లందురు. వీరు ముందు వరుసకును వెనుక వరుసకును నడుమ నిలిచి, బంతి పరుగున వచ్చునో, విసరబడునో కనిపెట్టి కదలవలెను. వెనుక వరుసవారు విసరిన బంతిని అందుకొన వచ్చువారిని వెంబడింతురు. పూర్వము ముందు నలుగురు, నడుమ ముగ్గురు, వెనుక నలుగురు నిలుచుట సాధారణముగ నుండెను.

అయితే బంతి గల జట్లు క్రమముగ నొక యుపాయమును బలముగ నవలంబించినవి. ఒకచోట గుమిగూడుట మాని, నలుగురైదుగురు పరుగుగాండ్రను మైదానపు వెడల్పంతయు పరచి నిలుపసాగిరి. బరువైన లైన్‌బాకరు అట్టి చురుకైనవానిని వెంబడించి పట్టలేడు. వానిని తీసివేసి సన్ననివానిని నిలిపినచో, ఎదుటివారు వెంటనే బంతిని చేతబట్టి వానిమీదుగ త్రొక్కుకొని పోవుదురు. ఏది చేసినను నష్టమే. ప్రతి ప్రయత్నమునకును ఆటగాండ్రను మార్చుచుండుట యొక మార్గము. రెంటికిని పనికివచ్చువారినే మొదట నెన్నుకొని తయారుచేసికొనుట మరియొక మార్గము. ఈ రెండవ మార్గమున ప్రసిద్ధి కెక్కినవాడు గారీ పాటర్సను.

ఆయన 1998లో ఫోర్టువర్తులోని టెక్సాసు క్రైస్తవ విశ్వవిద్యాలయమునకు రక్షణ శిక్షకుడుగ వచ్చి, 2000 డిసెంబరు మొదలు 2021 అక్టోబరు వరకు ప్రధాన శిక్షకుడుగ నుండెను. ఆ విద్యాలయమును అడిసను, రాండల్ఫు క్లార్కు సోదరులు 1873లో స్థాపించిరి. అది చిరకాలముగ సభ్యత్వము వహించిన సౌత్‌వెస్టు కాన్ఫరెన్సు అను క్రీడాసంఘము 1996లో విచ్ఛిన్నము కాగా, అందలి నాలుగు టెక్సాసు విద్యాలయములు ‘బిగ్ 12’ అను క్రొత్త సంఘమున చేరినవి. దీనికి పిలుపు రాలేదు. 2012 వరకు చిన్న సంఘములలోనే కాలము గడపవలసి వచ్చెను.

దీనివలన గలిగిన నష్టము తెలియవలెనన్న, ఆటగాండ్ర నెన్నుకొను పద్ధతి కొంత తెలియవలెను. అచ్చటి హైస్కూలు బాలుర యాటను పరీక్షించి, ఐదు నక్షత్రముల వరకు మార్కులిచ్చు సంస్థలున్నవి. గొప్ప విద్యాలయముల శిక్షకులు నక్షత్రములు గల బాలుర యిండ్లకు పోయి, తల్లిదండ్రులతో మాటలాడి, జీతము, బస, భోజనము కలిసిన స్కాలర్షిప్పు ఇత్తుమని యొప్పింతురు. బాలురు ఫిబ్రవరిలోగాని, 2017 మొదలుకొని డిసెంబరులోగాని సంతకము చేయుచున్నారు. పెద్ద సంఘములో లేని కాలేజికి ఐదు నక్షత్రముల బాలుడేల వచ్చును? టెక్సాసులో నట్టివాడు ఆస్టినుకో, పొరుగు రాష్ట్రమైన ఓక్లహామాకో పోవుచుండెను.

కనుక పాటర్సను మిగిలినవారిలో వెదకవలసి వచ్చెను. ఆయన ముఖ్యముగ చూచినది వేగము. హైస్కూలులో బంతి పట్టుకొని పరుగెత్తిన బాలుని తెచ్చి లైన్‌బాకరును చేయును. లైన్‌బాకరుగ నాడినవానికి కొంత కండ పెంచి ముందు వరుసకు జరుపును. ఇట్లు ప్రతివాడును తన చోటినుండి ఒక మెట్టు ముందునకు వచ్చుటచే, ఆ చోట నితరులు నిలుపువానికంటె బరువున తక్కువయు, వేగమున నెక్కువయు నగును. ముందు నలుగురు, నడుమ ఇద్దరే, వెనుక ఐదుగురు: ఇది ఆయన కూర్పు. దీనిని ఆయన యొక్కడే వాడెననరాదు గాని, ఇంత నిలుకడగ నడపినవారరుదు. ముందు ఆరుగురికొక యాజ్ఞ, వెనుక యైదుగురికి వేరొక యాజ్ఞ. వెనుకవారిలో సైతము మైదానపు ఒక సగమునకు ఒకటి, రెండవ సగమునకు మరియొకటి. ఒక్కొక్కడు నేర్వవలసిన పాఠము చిన్నది. అన్నియు కూడినపుడు ఎదుటివానికి లెక్కకు రానంత చిక్కు. బోధనాభ్యసన కళాశాలలో చదివిన మాకు ఈ సంగతి మిక్కిలి నచ్చినది. పాఠమును విభజించుట చేతగాక పిల్లవానిని మందబుద్ధి యనువారు మా వృత్తిలోను గలరు.

జెరీ హ్యూసు అను యువకుడు హ్యూస్టను సమీపమున నొక హైస్కూలులో బంతి మోయువాడుగ నాడెను. పాటర్సను ఆతనిని ముందు వరుస చివరను నిలిపెను. 2008లో ఆతడు బంతి విసరువానిని 15 మారులు పడగొట్టి దేశమున ప్రథముడయ్యెను. 2010లో వృత్తి జట్లవారు తమ తొలి విడత యెంపికలోనే ఆతనిని తీసికొనిరి. ఇట్టి మాటలు చదివినపుడు మాకొక బాలుడు జ్ఞాపకము వచ్చును. మేము మునుపు పనిచేసిన పాఠశాలలో హాకీ జట్టునకు బాలుర నెన్నుకొనుచు, సన్నగ నున్నాడని వానిని రెండు నిమిషములలో ప్రక్కకు నెట్టితిమి. వాడు మరుసటి యేట వేరొక పాఠశాల పక్షమున మామీదనే రెండు గోలులు చేసెను. వాని పరుగును మేము చూడనే లేదు. వాని భుజములను మాత్రము చూచితిమి.

2010 నవంబరులో, ఈ చిన్న సంఘముల జట్లు బలవంతుల నెదుర్కొనలేదు గనుక ఆఖరి పోటీకి అర్హములు కావని ఒక పెద్ద విద్యాలయాధ్యక్షుడు బహిరంగముగ ననెను. తరువాత విచారము తెలిపెననుకొనుడు. ఆ యేటి పాటర్సను జట్టు సగటున నొక్కొక్క యాటలో 12 పాయింట్లు మాత్రమే ఇచ్చి, 2011 జనవరి 1న రోజుబౌలు అను పెద్ద పోటీలో విస్కాన్సిను విద్యాలయము నెదుర్కొనెను. విస్కాన్సిను ముందు వరుసవారు మూడువందల పౌనులకు మించిన మహాకాయులు. ఆట ముగియుటకు రెండు నిమిషములుండగా విస్కాన్సిను గీత దాటి 21–19కి వచ్చెను. పైన జ్ఞాపకముంచుకొనుమన్న రెండు పాయింట్లు వచ్చినచో ఆట సరిసమానమగును. అందరును త్రొక్కుకొని పోవుదురనుకొన్నచోట వారు బంతిని విసరిరి. టాంకు కార్డరు అను లైన్‌బాకరు ముందునకు దూకబోయి, దారి మూసికొనుట చూచి యాగి, చేయి పైకెత్తి బంతిని నేలకు గొట్టెను. ఈ కార్డరు పదుమూడేండ్ల ప్రాయమున కారు ప్రమాదములో వెన్నెముక విరిగి బ్రతికినవాడు. జట్టు 13 ఆటలకు 13 గెలిచి ఆ యేడు ముగించెను.

ఇంతటితో నిలిపినచో కథ తియ్యగ నుండును గాని, నిజము దాచినట్లగును. 2023 జనవరి 9న ఇదే విద్యాలయము, పాటర్సను వెడలిన తరువాత, ఆయన చేర్చినవారే పలువురుండగా, జాతీయ ఛాంపియన్‌షిప్పు ఆట కెక్కెను. ఎదుట జార్జియా. ఫలితము 65–7. జార్జియా శిక్షకుడు కిర్బీ స్మార్టు పద్ధతి వేరు: నక్షత్రములు గలవారినే యేటేట తెచ్చి, వారి వెనుక మరల నట్టివారినే నిలుపుట. 2021లో ఆయన జట్టు సగటున 10 పాయింట్లకు కొంచె మెక్కువగ మాత్రమే ఇచ్చినది. అందలి రక్షకులు ఐదుగురు 2022లో వృత్తి జట్ల తొలి విడతలోనే యెన్నుకొనబడిరి. వారిలో జోర్డను డేవిసు 341 పౌనుల బరువుతో 40 గజములు 4.78 సెకనులలో పరుగెత్తెను. బరువును వేగమును ఒక్కనియందే దొరకునపుడు, వేగమునకై బరువు వదలుకొనినవాని గతి యేమి?

మరియొక మార్పును గలదు. 2021 మొదలుకొని విద్యార్థి యొక విద్యాలయము విడిచి వేరొకదానికి పోయి ఆ యేడే యాడవచ్చును. తన పేరును ప్రకటనలకిచ్చి సొమ్ము గడింపవచ్చును. 2025 నుండి విద్యాలయములే నేరుగ ఆటగాండ్రకు సొమ్ము చెల్లించుచున్నవి. స్కాలర్షిప్పులకు 85 అను పాత హద్దు పోయి, జట్టునకు 105 మంది యను హద్దు వచ్చినది. పేద బాలునికిది మేలే. ఇతరులు వాని యాటవలన కోట్లు గడించుచుండ వానికేమియు లేకుండుట న్యాయము కాదు. అయితే మూడేండ్లు తీర్చిదిద్దిన లైన్‌బాకరును నాలుగవ యేట ధనిక విద్యాలయము పిలిచికొనిపోవును. చిన్న కాలేజి శిక్షకులు ఇప్పుడు ప్రతి చలికాలమును తమ జట్టునే మరల నెన్నుకొనవలసి వచ్చుచున్నది. అట్టిచోట ఓపికగ మనిషిని తయారుచేయు పద్ధతి నిలుచునా యను సందేహము మాకు తీరలేదు.

ఆగష్టులో ఆట చూడగల్గినవారు మొదటి కొన్ని నిమిషములు బంతిని చూడకుందురు గాక. వెనుక వరుసను లెక్కింపుడు: నలుగురా, ఐదుగురా? బంతి కదలిన క్షణమున వారి పాదములు వెనుకకు పోవుచున్నవా, ముందునకు వచ్చుచున్నవా చూడుడు. అందరికంటె వెనుక నొంటరిగ నిలిచి, చేతులతో తక్కినవారికి సైగలు చేయువా డొకడు గనబడును. మా పూర్వ విద్యార్థి యడిగిన ప్రశ్నకు సమాధానము చాల భాగము వాని దగ్గరనే యున్నది.