మందకొడి కణితులు

ఇడ్లీ ముక్కను నమిలి మింగేదాకానే మన పెత్తనం. అది గొంతు దిగిన తరువాత ఎప్పుడు ముందుకు నెట్టాలో, ఎంత రసం ఊరించాలో, ఎక్కడ కాసేపు ఆపాలో మనల్ని ఎవరూ అడగరు. మరి ఈ పనులన్నీ ఎవరు చూస్తున్నట్టు?

మెదడు చూస్తుందని మీరు అనవచ్చు. కొంతవరకు నిజమే. కాని ప్రేగులకు సొంత యంత్రాంగం కూడా ఒకటి ఉంది. ప్రేగు లోపలి పొరలో మామూలు కణాల మధ్య అక్కడొకటి, ఇక్కడొకటిగా కొన్ని ప్రత్యేక కణాలు ఉంటాయి. పక్కనుంచి పోతున్న ఆహారం ఎలాంటిదో పసిగట్టి, తగిన రసాయనాన్ని వదలడం వాటి ఉద్యోగం. రసాయనంతో కబురు పంపడంలో అవి నాడీకణాల వంటివి. ఆ రసాయనాన్ని గొట్టమేదీ లేకుండా నేరుగా రక్తంలో కలపడంలో థైరాయిడ్ వంటి వినాళ గ్రంథుల వంటివి. అందుకే వాటిని నాడీ-వినాళ కణాలు అంటారు. ఊపిరితిత్తులలోనూ, క్లోమంలోనూ కూడా ఇవి ఉన్నాయి.

ఇలాంటి కణం ఒకటి అదుపు తప్పి, ఒకటి రెండుగా, రెండు నాలుగుగా చీలిపోవడం మొదలుపెడితే కణితి ఏర్పడుతుంది. కేన్సరు అనగానే నెలల్లో మనిషిని కుంగదీసే జబ్బు మనకు గుర్తుకొస్తుంది. నాడీ-వినాళ కణితులలో అలా దూసుకుపోయేవీ ఉన్నాయి. కాని చాలావాటి నడక నత్తనడక. ప్రేగు గోడలో శనగగింజంత ఉండి, మనిషికి తెలియకుండా ఏళ్ళ తరబడి కాపురం చేస్తాయి.

1907లో జర్మనీలోని మ్యూనిక్ నగర వైద్యుడు జీగ్‌ఫ్రీడ్ ఓబర్న్‌డోర్ఫర్ చిన్నప్రేగులో కనిపించే ఇటువంటి బుల్లి కణితులను వర్ణించాడు. సూక్ష్మదర్శిని కింద పెడితే కేన్సరులాగే కనిపిస్తున్నాయి, కాని పెద్దగా హాని చేసినట్టు లేదు. అందుచేత వాటికి ‘కార్సినాయిడ్’ అని పేరు పెట్టాడు. ‘కేన్సరు లాంటిది’ అని దాని అర్థం. లాంటిదే తప్ప కేన్సరు కాదన్నమాట! 1929లో ఆయనే, ఇవి ఇతర అవయవాలకు పాకగలవని తన మాటను సవరించుకున్నాడు. కాని ఒకసారి నలుగురి నోళ్ళలో పడిన పేరు అంత తేలిగ్గా పోతుందా? నెమ్మదిగా పెరిగేది నిరపాయమైనదే అన్న భ్రమను ఆ పేరు చాలాకాలం నిలబెట్టింది.

ఈ కణితి చేసే అసలు చిక్కు దాని పరిమాణంలో లేదు, అది పంపే కబుర్లలో ఉంది. పుట్టిన కణం వృత్తిని కణితి మరిచిపోదు. ఆహారం వచ్చినా రాకపోయినా రసాయనాలు తయారుచేస్తూనే ఉంటుంది. వాటిలో ముఖ్యమైనది సెరటోనిన్. మెదడులో సంతోషం కలిగించే రసాయనమని దీన్ని గురించి పత్రికలలో చదివి ఉంటారు. నిజానికి మన ఒంట్లోని సెరటోనిన్‌లో నూటికి 90 పాళ్ళు ఉండేది ప్రేగులలోనే. అక్కడ దాని పని ప్రేగును కదిలించడం.

మరి అంత సెరటోనిన్ వదులుతున్నా రోగికి ఏళ్ళ తరబడి ఎందుకు తెలియదు? ప్రేగుల నుంచి వచ్చే రక్తం తిన్నగా గుండెకు పోదు. ముందు కాలేయంలోకి వెళుతుంది. ఊరి పొలిమేరలోని చెక్‌పోస్టు లాంటిది కాలేయం. వచ్చిన సెరటోనిన్‌ను అక్కడికక్కడే విరగ్గొట్టి పంపిస్తుంది. కణితి ప్రేగులోనే ఉన్నంతకాలం దాని గుట్టును కాలేయమే దాస్తుందన్నమాట. కాని కణితి నుంచి ఊడిన కణాలు కొట్టుకువచ్చి కాలేయంలోనే మకాం వేశాయనుకోండి. అవి వదిలే రసాయనాలు చెక్‌పోస్టు దాటిన తరువాత బండి ఎక్కిన సరుకే. అడ్డుకునేవారు ఉండరు.

లక్షణాలు బయటపడేది అప్పుడే. ఉన్నట్టుండి ముఖం, మెడ ఎర్రబడి వేడెక్కుతాయి. మన చామనఛాయ ముఖాలలో ఎరుపు అంతగా కనిపించకపోవచ్చు. ఆవిరి కొట్టినట్టుందని రోగే చెప్పాలి. రోజుకు చాలాసార్లు నీళ్ళ విరేచనాలు అవుతాయి. కొందరికి పిల్లికూతలతో ఆయాసం వస్తుంది. ఈ లక్షణాలన్నిటినీ ఒకే జబ్బుగా 1954లో స్వీడన్ వైద్యుడు యాన్ వాల్డెన్‌స్ట్రోమ్, ఆయన సహచరులు వర్ణించారు. గుండె కుడి భాగంలోని కవాటాలు బిరుసెక్కడం కూడా వారు గమనించారు. కుడి భాగమే ఎందుకు? కాలేయం నుంచి వచ్చే రక్తం ముందుగా చేరేది అక్కడికే. అక్కడి నుంచి ఊపిరితిత్తులకు పోతుంది, అవి సెరటోనిన్‌ను చాలావరకు హరిస్తాయి. కనుక ఎడమ భాగం సాధారణంగా తప్పించుకుంటుంది.

ఇంకో వింత ఉంది. సెరటోనిన్ తయారీకి ట్రిప్టోఫాన్ అనే ఏమినో ఆమ్లం కావాలి. అది మాంసకృత్తుల నుంచి వస్తుంది. నయాసిన్ అనే విటమిన్‌ను కూడా మన ఒళ్ళు ఈ ట్రిప్టోఫాన్ నుంచే కొంత తయారుచేసుకుంటుంది. ముడిసరుకంతా కణితి మింగేస్తే విటమిన్‌కు కరువు వస్తుంది. అప్పుడు ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. ఇది పెల్లగ్రా. తెలంగాణలో జొన్నల మీదే ఆధారపడి బతికిన పేదలలో ఒకప్పుడు ఈ జబ్బు కనిపించేది. హైదరాబాదు పోషకాహార పరిశోధనశాలలో గోపాలన్, ఆయన సహచరులు దీన్ని పరిశోధించి 1960లో ప్రకటించారు. అక్కడ పెల్లగ్రాకు కారణం తిండి, ఇక్కడ కణితి. చర్మం మీది మచ్చ మాత్రం ఒకటే.

మామూలుగా జరిగేదేమిటంటే, విరేచనాలకు ఒక డాక్టరు, ఆయాసానికి మరొక డాక్టరు మందులిస్తారు. ముఖం వేడెక్కుతోందంటే ‘ఊరికే కంగారు పడుతున్నావు’ అని ఇంట్లోవాళ్ళే అంటారు. అసలు జబ్బు పేరు తెలిసేసరికి ఏళ్ళు గడిచిపోవడం అరుదేమీ కాదు. అలాగని కారం తిన్నప్పుడో, తరగతిలో సిగ్గుపడినప్పుడో ముఖం ఎర్రబడితే మీరు బెంగ పెట్టుకోకండి! అమెరికాలో 2012లో లెక్క తీస్తే, ఆ ఏడాది లక్షమందిలో సుమారు 7గురికే ఈ కణితులు కొత్తగా బయటపడ్డాయి.

అనుమానం వస్తే ఒకరోజు మూత్రమంతా పట్టి పరీక్షిస్తారు. విరిగిపోయిన సెరటోనిన్ తాలూకు ముక్కలు మూత్రంలో ఎంత ఉన్నాయో చూస్తారు. దీనికి ముందు కొద్దిరోజులు అరటిపండు, అనాస, టమాటా తినకూడదు. వాటిలోనే సెరటోనిన్ ఉంది. అత్తవారింటి విందులో రెండు అరటిపళ్ళు తిని వెళ్ళినవాడికి లేని కణితి అంటగట్టే ప్రమాదం ఉందన్నమాట.

ఇక చికిత్స. కణితి పాకకముందే దొరికితే కోసి తీసివేయడమే అన్నిటికన్నా మేలు. ఉండుకం వాచిందని ఆపరేషను చేసినప్పుడు దాని కొసన ఒక సెంటీమీటరు లోపు కణితి కనబడితే, ఉండుకం తీయడంతోనే సాధారణంగా పని పూర్తవుతుంది. పాకిపోతేనే కష్టం. మామూలు కేన్సరు మందులు వేగంగా చీలే కణాలను వెతికి చంపుతాయి. ఈ కణాలు తీరుబడిగా చీలుతాయి కనుక వాటి కంట అంతగా పడవు. మందకొడితనమే దానికి రక్ష!

దారి మరోవైపు నుంచి దొరికింది. 1973లో అమెరికాలో రోజర్ గీమన్ బృందం సొమాటోస్టాటిన్ అనే హార్మోనును కనుక్కొంది. మెదడులోని హార్మోన్ల మీద చేసిన కృషికి గీమన్‌కు 1977లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. ఇతర హార్మోన్ల విడుదలను ఆపడం సొమాటోస్టాటిన్ పని. నాడీ-వినాళ కణాలలో చాలావాటి పైపొర మీద దీనికి తగిన తాళంకప్పలు ఉంటాయి. చెవి పడితే కణం నోరు మూసుకుంటుంది. తీరా చూస్తే ఈ చెవి రక్తంలో రెండు మూడు నిమిషాలకే కరిగిపోతోంది! దానిలోని 14 ఏమినో ఆమ్లాలను 8కి కుదించి, ఎక్కువసేపు నిలిచే నకలు చెవిని రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేశారు. దాని పేరు ఆక్ట్రియోటైడ్. ఇప్పుడు నెలకొక ఇంజెక్షను సరిపోతుంది. చాలామందికి విరేచనాలు, ముఖం వేడెక్కడం తగ్గుతాయి. కణితి పెరుగుదల కూడా మందగిస్తుందని 2009లో జర్మనీ వైద్యులు చూపించారు.

తాళంచెవికి లుటీషియం-177 అనే రేడియోధార్మిక పదార్థాన్ని తగిలించి పంపితే? అది చిరునామా వెతుక్కుంటూ వెళ్ళి కణితికి అతుక్కుంటుంది. దెబ్బతీసే దాని కిరణాలు సుమారు రెండు మిల్లీమీటర్లకు మించి పోవు కాబట్టి దెబ్బ ఎక్కువగా కణితికే తగులుతుంది. దీని అర్ధాయువు సుమారు ఆరున్నర రోజులు. మన దేశంలో ట్రాంబేలోని ధ్రువ రియాక్టరులో ఈ లుటీషియం తయారైంది. ఎనిమిదేసి వారాల ఎడంతో నాలుగు మోతాదులు ఇవ్వడం పద్ధతి. కణితి పూర్తిగా మాయం కావడం అరుదు. దాని పెరుగుదల చాలాకాలం ఆగిపోయినవారు మాత్రం ఎందరో ఉన్నారు.

అందరికీ ఇదే ఫలితం అనుకోకండి. తెలుగులో ‘సైనికుడు’ (2006) చిత్రంలో నటించిన ఇర్ఫాన్ ఖాన్ తనకు నాడీ-వినాళ కణితి ఉందని 2018 మార్చిలో స్వయంగా వెల్లడించాడు. 2020 ఏప్రిల్ 29న మరణించాడు. కణితితో ఇరవై ఏళ్ళు ఉద్యోగం చేసుకుంటూ బతికినవారూ లేకపోలేదు. అందుకే డాక్టర్లు చిన్న ముక్క తీసి, నూరు కణాలలో ఎన్ని చీలే తయారీలో ఉన్నాయో లెక్కపెడతారు. మూడు లోపు ఉంటే మొదటి తరగతి, ఇరవై దాటితే మూడోది. మందు ఏదో, ఎంత తొందరపడాలో నిర్ణయించేది చాలావరకు ఆ లెక్కే.